వీఐ, ఈమాక్స్, వీఎస్ కోడ్: ఎడిటర్ పుట్టిన చోటు చూసి ఎంచుకోండి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో శిక్షణకు వచ్చే పిల్లలకు ఆదివారాలు నేను లినక్స్ పాఠాలు చెబుతుంటాను. తరగతి అయ్యాక మెట్ల దగ్గర ఎవరో ఒకరు ఆపి తప్పకుండా అడుగుతారు: "అన్నా, నన్ను ఏ ఎడిటర్ నేర్చుకోమంటారు?" ఆ వెనకే ఇంకొకరు, "అందరూ వీఎస్ కోడే వాడుతున్నారు కదా, వీఐ ఇంకా ఎందుకు?" అంటారు. ఎడిటర్ అంటే కోడ్, సెట్టింగుల ఫైళ్ళు రాసి మార్చుకునే ప్రోగ్రామ్. మెట్ల మీద నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు ఇది కాదు. అందుకే తీరుబడిగా రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళుగా రోజూ ఈ పనిముట్లతోనే బతుకుతున్నాను. నాకు అర్థమైనది ఇది: ప్రతి ఎడిటరూ తాను పుట్టిన యంత్రం తాలూకు ఇబ్బందిని ఇప్పటికీ మోస్తూనే ఉంటుంది. ఒకటి నత్తనడక ఫోను లైను మీద పుట్టింది. ఒకటి ఎవరి పనిముట్టును వారే చెక్కుకునే ప్రయోగశాలలో పుట్టింది. మరొకటి బ్రౌజర్ కడుపున పుట్టింది. ఆ పుట్టుకనాటి ఇబ్బంది మీ పనిలోనూ ఉంటే ఆ ఎడిటర్ మీ చేతిలో ఇమిడిపోతుంది. లేకపోతే ఎంత పేరున్నదైనా మీకు బరువే.

## ముందుగా చూసుకోవలసినవి

మొదటిది, మీరు మార్చే ఫైళ్ళు ఎక్కడ ఉంటాయి? మీ ల్యాప్‌టాప్‌లోనా, ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లోనా? మిగతా వాటి కంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

రెండోది యంత్రం బలం. నా తరగతిలో సగం మందివి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లు. నాలుగు జీబీ మెమరీ ఉన్న యంత్రం మీద బ్రౌజర్, డేటాబేస్, ఎడిటర్ మూడూ నడవాలి.

మూడోది, నేర్చుకోవడానికి ఎంత కాలం పెట్టగలరు? వచ్చే నెలలో ఇంటర్వ్యూ ఉన్నవారికీ, పదేళ్ళు ఈ వృత్తిలో ఉండబోయేవారికీ ఒకే సలహా ఇవ్వలేం.

నాలుగోది, ఆ ఎడిటర్ ఎన్నాళ్ళు బతుకుతుంది, దాని యజమాని ఎవరు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నేను చదివిన కాలేజీలో టర్బో సీ నీలి తెర మీదే ప్రోగ్రామింగ్ నేర్పారు. బయట లోకం దాన్ని వదిలేసి ఎన్నో ఏళ్ళయినా మా ప్రయోగశాలలో అదే ఉండేది. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అలవాటైన మీటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఆ బాధ గుర్తుంది కాబట్టే ఈ ప్రశ్నను ఇక్కడ చేర్చాను.

ఐదోది తెలుగు. వ్యాఖ్యలు, పత్రాలు, డేటా ఏదైనా తెలుగులో రాసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఒకప్పుడు ఈ పట్టికలో మొదట ఉండే విషయాన్ని నేను కావాలనే వదిలేశాను: ఏ ఎడిటర్‌కు ఏ ప్రోగ్రామింగ్ భాష బాగా అర్థమవుతుంది అన్నది. ఎడిటర్, భాషను అర్థం చేసుకునే ప్రోగ్రామ్ (సర్వర్) మాట్లాడుకోవడానికి ఉమ్మడి నియమావళి అయిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టాక ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. అంతకుముందు పది ఎడిటర్లలో ఇరవై భాషలకు తోడ్పాటు కావాలంటే రెండు వందల ముక్కలు విడివిడిగా రాయాలి. ఇప్పుడు ఒక్కో భాషకు ఒక సర్వర్, ఒక్కో ఎడిటర్‌కు దానితో మాట్లాడే భాగం, మొత్తం ముప్పై చాలు. వీఐ వంశానికి చెందిన నియోవిమ్‌లో 2021 నుంచి, ఈమాక్స్‌లో 2023 నుంచి ఆ మాట్లాడే భాగం ఎడిటర్‌తోనే వస్తోంది. కాబట్టి "అందులో సూచనలు బాగా వస్తాయి" అన్న మాట విని మాత్రమే ఎడిటర్ మార్చకండి.

## వీఐ, విమ్: సన్నని తీగ మీద పుట్టినవి

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఎడ్ అనే ఎడిటర్‌కు తెర లేదు. టెలిటైపు కాగితం మీద అచ్చు కొట్టేది. పొరపాటు జరిగితే ఒక ప్రశ్నార్థకం అచ్చువేసి ఊరుకునేది. 1976 ప్రాంతంలో బర్క్‌లీలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ అదే వంశంలో 'ఎక్స్' అనే ఎడిటర్‌ను, దానికి తెర రూపంగా వీఐని తయారుచేశారు. ఆయన వాడిన మోడెమ్ వేగం 300 బాడ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాల తెర నిండాలంటే 1920 అక్షరాలు రావాలి. లెక్క వేయండి, నిమిషం దాటుతుంది. తెర మళ్ళీ గీయడం అంత ఖరీదైనప్పుడు ప్రతి మీటా ఒక పని చేసి తీరాలి. మాట రాసే మోడ్ వేరు, ఆజ్ఞ ఇచ్చే మోడ్ వేరు అన్న విభజనలోని బలం ఆ పొదుపే.

కర్సర్‌ను జరపడానికి హెచ్, జె, కె, ఎల్ మీటలు ఎందుకని కొత్తవారు విసుక్కుంటారు. జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో (తెర, కీబోర్డు కలిసిన పెట్టె) బాణం గుర్తులు ఆ నాలుగు మీటల మీదే ముద్రించి ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పటి ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. ఈనాటి కీబోర్డులో అది మూలకు పోయింది కాబట్టి క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకోండి. వీఐని మెరుగుపరచిన రూపమైన విమ్ వాడేవారికి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

నా మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో, రాత్రి డ్యూటీ. సర్వర్లు సముద్రానికి అవతల ఉండేవి. ఒక రాత్రి ఒక సెట్టింగుల ఫైలులో ఒక్క అంకె మార్చాల్సి వచ్చింది. అక్కడ ఉన్నది వీఐ ఒక్కటే. మోడ్ సంగతి తెలియక నేను కొట్టిన ప్రతి అక్షరమూ ఆజ్ఞగా మారి వరుసలు మాయమవుతుంటే చేతులు చల్లబడ్డాయి. పక్క సీటులోని సీనియర్ వచ్చి, "కంగారుపడకు తమ్ముడూ, ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టు. ఏమీ భద్రం కాలేదు, ఫైలు ఎలా ఉన్నది అలాగే ఉంది" అన్నారు. ఆ ఒక్క వాక్యం నా ఉద్యోగాన్ని కాపాడింది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో విమ్ నుంచి బయటపడటం ఎలా అన్న ప్రశ్నను 2017 నాటికే పది లక్షల సార్లు చూశారు. ఆ భయం ఎవరికైనా ఒకటే.

విమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దాని వ్యాకరణం. తొలగించు, రెండు, పదాలు: డి, 2, డబ్ల్యూ. మార్చు, లోపలిది, కొటేషన్ గుర్తు: సి, ఐ, ". క్రియ ముందు, కర్మ తర్వాత. ఒక్కో క్రియ నేర్చుకున్నకొద్దీ తెలిసిన కర్మలన్నిటితో అది కలుస్తుంది. 2021లో వచ్చిన హెలిక్స్ ఈ క్రమాన్ని తిరగేసింది. ముందు పదాన్ని ఎంచుకోవాలి, తర్వాత ఏం చేయాలో చెప్పాలి. "పదాన్ని తొలగించు" అని మనం మాట్లాడే వరుస అదే. విమ్ చేతికి పట్టుబడని నా విద్యార్థులు ఇద్దరు హెలిక్స్‌లో హాయిగా కుదురుకున్నారు. అయితే హెలిక్స్‌ను మీ సర్వర్‌లో ఎవరూ ముందుగా పెట్టి ఉంచరు. వీఐ మాత్రం యూనిక్స్ వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో భాగం కనుక దాదాపు ప్రతి యూనిక్స్, లినక్స్ సర్వర్‌లోనూ దొరుకుతుంది.

విమ్‌ను బ్రామ్ మూలెనార్ 1991లో అమిగా కంప్యూటర్ మీద విడుదల చేశారు. వాడుకునేవారు డబ్బు ఇవ్వాలనుకుంటే యుగాండాలోని అనాథ పిల్లలకు ఇవ్వమని ప్రోగ్రామ్ తెరవగానే కనిపించే మాటల్లోనే కోరారు. 2023 ఆగస్టులో ఆయన మరణించారు. విమ్ ఆగలేదు, ఇతరులు కొనసాగిస్తున్నారు. 2014లో దాన్నుంచి విడివడిన నియోవిమ్ కూడా లూవా భాషతో బలంగా ఎదుగుతోంది. ఎక్కువ రోజులు బతికేది ఏది అన్న ప్రశ్నకు నాకు ఇంతకన్నా గట్టి జవాబు కనిపించదు.

లోటు కూడా చెప్పాలి. తెలుగు రాయడానికి విమ్ అనుకూలం కాదు. అది నడిచే టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, ప్రతి అక్షరానికీ సమానమైన గడి ఇస్తుంది. మన "లక్ష్మి" కంటికి రెండు అక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. చాలా టెర్మినళ్ళలో వత్తులు విడిపోతాయి, కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట ఉంటాయి. పైగా కీబోర్డు తెలుగులో ఉండగా ఎస్కేప్ నొక్కితే తర్వాతి ఆజ్ఞలు తెలుగు అక్షరాలుగా పోతాయి. ప్రతిసారీ భాష మార్చుకోవాలి.

## ఈమాక్స్: ఎవరి పనిముట్టు వారిదైన చోట

అదే 1976లో, అమెరికాకు మరో కొసన ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో టెకో అనే ఎడిటర్‌కు ఎవరికి వారు రాసుకున్న మాక్రోలను (ఒకే మీటతో నడిచే ఆజ్ఞల కట్టలను) గై స్టీల్, రిచర్డ్ స్టాల్‌మన్ ఒకచోట చేర్చారు. అదే ఈమాక్స్. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1985లో విడుదల చేశారు. అక్కడ ఇబ్బంది వేగం కాదు. నలుగురూ నాలుగు రకాలుగా మలుచుకుంటుంటే ఒకరి యంత్రం దగ్గర మరొకరు కూర్చోలేకపోవడం. అందుకే ఆ మలుచుకునే స్వేచ్ఛనే ఎడిటర్‌కు పునాదిగా చేశారు. లోపల ఉన్నది ఒక లిస్ప్ భాష. ఎడిటర్ నడుస్తుండగానే దాని ఏ పనినైనా తిరిగి రాసుకోవచ్చు, మూసి తెరవనక్కర లేదు. ఏ మీట ఏం చేస్తుందో ఈమాక్స్‌నే అడగవచ్చు, ఆ పని చేసే కోడ్ దాకా తీసుకెళ్ళి చూపిస్తుంది.

దీని విలువ ఒక వారంలో తెలియదు. నా నోట్సు, రోజువారీ పనుల జాబితా, పాఠాల ప్రణాళిక అన్నీ ఆర్గ్ మోడ్‌లో ఉన్నాయి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ పని అంతా మ్యాగిట్‌లో. రెండూ ఈమాక్స్ లోపలే నడుస్తాయి. ఒకే వాతావరణంలో రోజంతా గడపాలనుకునేవారికి ఇది ఇల్లు లాంటిది. కానీ ఆ ఇల్లు మీరే కట్టుకోవాలి. సెట్టింగుల ఫైలు రాసుకోవడంలో నెల రోజులు కరిగిపోయినవారిని చూశాను. ఇంటర్వ్యూ దగ్గరపడ్డ విద్యార్థికి నేను దీన్ని సూచించను.

కంట్రోల్ మీట విషయం కూడా. ఈమాక్స్ వాడుకలో పెరిగిన కొన్ని పాత కీబోర్డుల మీద కంట్రోల్ మీటలు స్పేస్ బార్‌కు ఇరుపక్కలా, బొటనవేలికి అందుబాటులో ఉండేవి. ఇప్పుడవి మూలల్లో ఉన్నాయి. ఎడమ చిటికెన వేలు నొప్పి నిజమైన సమస్య. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకుంటే చాలా ఉపశమనం. మణికట్టు నొప్పి ముందునుంచే ఉన్నవారు వీఐ మీటలు వాడటం మేలు. ఈవిల్ అనే ప్యాకేజీతో ఈమాక్స్ లోపలే ఆ మీటలు వస్తాయి.

తెలుగు దగ్గర ఈమాక్స్ నన్ను ఆశ్చర్యపరిచింది. కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కి మొదటిసారి పద్ధతి పేరు ఇస్తే దాని సొంత తెలుగు టైపింగ్ మొదలవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు), లిప్యంతరీకరణ రెండూ ఉన్నాయి. తెలుగులో రాస్తుండగానే కంట్రోల్‌తో ఇచ్చే ఆజ్ఞలు మామూలుగా పనిచేస్తాయి, భాష మార్చనక్కర లేదు. 2020 నాటి 27వ వెర్షన్ నుంచి అక్షరాలను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ వాడుతుంది కనుక కిటికీ రూపంలో నడిపితే వత్తులు, గుణింతాలు చక్కగా కుదురుతాయి.

## వీఎస్ కోడ్: బ్రౌజర్ కడుపున పుట్టినది

2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని ప్రకటించింది. ఎరిక్ గామా నాయకత్వంలోని బృందం అప్పటికే బ్రౌజర్‌లో నడిచే ఒక ఎడిటర్‌ను రాసింది. దాన్నే ఎలక్ట్రాన్ మీద డెస్క్‌టాప్‌కు తెచ్చారు. ఎలక్ట్రాన్ అంటే వెబ్ సాంకేతికతతో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే చట్రం. దాని లోపల క్రోమియం బ్రౌజర్, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్ రెండూ ఉంటాయి. మంచీ చెడూ అక్కడినుంచే వచ్చాయి. వెబ్ పేజీలో తెలుగు ఎంత చక్కగా కనిపిస్తుందో ఇందులోనూ అంతే. జావాస్క్రిప్ట్ తెలిసిన ఎవరైనా ఎక్స్‌టెన్షన్ రాయగలరు కాబట్టి అవి వేలల్లో వచ్చాయి. అదే సమయంలో ఒక చిన్న ఫైలు తెరిచినా వందల మెగాబైట్ల మెమరీ పోతుంది.

మొదటి గంటలోనే పని మొదలుపెట్టగలగడం దీని గొప్పతనం. తప్పులు పట్టించే డీబగ్గర్, గిట్, టెర్మినల్ కళ్ళ ముందే ఉంటాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో జవాబిచ్చినవారిలో 73 శాతానికి పైగా దీన్ని వాడుతున్నట్టు చెప్పారు. బృందంలో అందరిదీ ఒకే ఎడిటర్ అయితే కొత్తవారికి నేర్పడం తేలిక. దూరపు సర్వర్‌లోని ఫైళ్ళను మార్చే సౌకర్యం 2019లో వచ్చింది, బాగుంటుంది. అయితే అది అవతలి సర్వర్‌లో తన ప్రోగ్రామ్ ఒకటి స్థాపిస్తుంది. పాత లినక్స్ మీద అది ఎక్కదు. ఖాతాదారుల సర్వర్లలో ఏదీ స్థాపించకూడదన్న నియమం ఉంటే అసలు కుదరదు.

యాజమాన్యం సంగతికి వస్తే, మూల కోడ్ ఎంఐటీ లైసెన్సుతో స్వేచ్ఛగా ఉంది, కానీ మీరు దించుకునే ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ లైసెన్సుతో వస్తుంది. వాడుక సమాచారం పంపడం మీరు ఆపుకోవాలి. అది ఇష్టం లేనివారికి అదే మూల కోడ్‌తో ఆ పంపకం లేకుండా కట్టిన వీఎస్‌కోడియం ఉంది. ఇక్కడ ఆటమ్ కథ మరువకండి. 2014లో కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ తెచ్చిన ఆ ఎడిటర్ కోసమే ఎలక్ట్రాన్ పుట్టింది. 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ను కొంది. 2022 డిసెంబరు 15న ఆటమ్‌ను మూసేశారు. దాన్ని నమ్ముకుని ప్యాకేజీలు రాసినవారి శ్రమ చాలావరకు అక్కడే ఆగిపోయింది. ఆ సృష్టికర్తల్లో కొందరు ఇప్పుడు రస్ట్ భాషలో జెడ్ అనే వేగమైన ఎడిటర్ రాస్తున్నారు. గమనించండి, కానీ మొదటి ఎడిటర్‌గా అప్పుడే వద్దు.

## మిగతావి క్లుప్తంగా

సబ్లైమ్ టెక్స్ట్ 2008 నుంచి ఉంది. భారీ ఫైలును కళ్ళు మూసి తెరిచేలోగా తెరుస్తుంది. లైసెన్సు 99 డాలర్లు, మన విద్యార్థికి ఎక్కువే. 2003 నాటి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విండోస్ మీద లాగ్ ఫైళ్ళు చూడటానికి చాలు. నానో తెర కిందే మీటలు రాసి చూపిస్తుంది, తడబడే చేతికి ధైర్యం ఇస్తుంది. జావాలో పెద్ద ప్రాజెక్టు చేసేవారు ఈ పోలికంతా పక్కనపెట్టి ఇంటెలిజే వాడండి. వేల ఫైళ్ళలో ఒక పేరు మార్చాల్సి వచ్చినప్పుడు దాని సాయం వేరు.

| చూసేది | విమ్ | ఈమాక్స్ | వీఎస్ కోడ్ |
|---|---|---|---|
| దూరపు సర్వర్ | సొంత ఇల్లు | బాగా కుదురుతుంది | అనుమతి ఉంటే హాయి |
| 4 జీబీ ల్యాప్‌టాప్ | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | బరువు |
| చేతికి అలవడేందుకు | మూడు, నాలుగు వారాలు | నెలలు | ఒక రోజు |
| తెలుగు రాత | కష్టం | చాలా బాగుంది | బాగుంది |
| ధర | ఉచితం | ఉచితం | ఉచితం |
| యజమాని | స్వచ్ఛంద కార్యకర్తలు | గ్నూ ప్రాజెక్టు | మైక్రోసాఫ్ట్ |

అలవడే కాలం నా విద్యార్థులను చూసి వేసిన అంచనా.

## మీరు ఎవరు?

శిక్షణలో ఉండి రెండు నెలల్లో ఉద్యోగం కావాలనుకుంటే వీఎస్ కోడ్‌తో మొదలుపెట్టండి, సంకోచం వద్దు. ల్యాప్‌టాప్ మరీ నెమ్మదిస్తే వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. ఇప్పటి కృత్రిమ మేధ ఎడిటర్లలో 'కర్సర్' అనే పేరున్న ఎడిటర్ వంటివి ఇదే పునాది మీద కట్టినవి కనుక ఈ అలవాటు అక్కడికీ వస్తుంది.

సపోర్టులోనో, సర్వర్ల నిర్వహణలోనో చేరబోతున్నారా? బిల్ జాయ్ ఇబ్బందే మీదీ. రాత్రి రెండింటికి వీపీఎన్ తడబడుతున్నప్పుడు కావలసింది తక్కువ మీటలతో ఎక్కువ పని. విమ్ నేర్చుకోండి.

తెలుగు డేటా మీద, భాషా సాంకేతికత మీద పనిచేసేవారు విమ్‌ను సర్వర్ వరకే ఉంచుకుని రోజువారీ రాతకు ఈమాక్స్ గానీ వీఎస్ కోడ్ గానీ పెట్టుకోండి. తెలుగు, ఇంగ్లిష్ ఒకే వరుసలో కలిపి రాయాల్సి వస్తే ఈమాక్స్ వైపే మొగ్గుతాను.

పదేళ్ళుగా ఒకే ఎడిటర్ వాడుతూ ఇప్పుడు మార్చాలా అని ఆలోచించేవారికి: ప్రోగ్రామ్‌నూ మీటల భాషనూ విడదీసి చూడండి. వీఐ మీటలు వీఎస్ కోడ్‌లో, ఇంటెలిజేలో ప్లగిన్‌గా దొరుకుతాయి. ఈమాక్స్ మీటలు మీకు ఇప్పటికే కొన్ని వచ్చు. లినక్స్‌లో ఆజ్ఞలు టైపు చేసే బ్యాష్‌లో వరుస మొదటికి వెళ్ళే కంట్రోల్-ఏ, చివరికి వెళ్ళే కంట్రోల్-ఈ అక్కడివే. చేతికి పట్టిన భాషను మార్చకుండానే ప్రోగ్రామ్ మార్చుకోవచ్చు.

ఏ ఎడిటర్ ఎంచుకున్నా వీఐలో ఈ ఆరు మాత్రం అందరికీ రావాలి: రాయడానికి ఐ, ఆపడానికి ఎస్కేప్, వెనక్కు తీసుకోవడానికి యు, వెతకడానికి ముందుగీత (/), భద్రపరచి బయటపడటానికి :wq, భద్రపరచకుండా బయటపడటానికి :q!.

## రెండు వారాల పరీక్ష

ఒక్క ఎడిటర్‌నే తీసుకోండి. విమ్ అయితే టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ (vimtutor) అని కొట్టండి, అరగంట పాఠం. ఈమాక్స్ అయితే కంట్రోల్-హెచ్, ఆ తర్వాత టి. ఆ పైన ఆట ప్రోగ్రాములు వద్దు, మీ అసలు పనినే అందులో చేయండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ఏదైనా వెతుక్కోవాల్సి వచ్చిన ప్రతిసారీ, చేయి మౌస్ మీదికి పోయిన ప్రతిసారీ ఒక గీత గీయండి. ఏ రోజు గీతలు ఆ రోజువే, తేదీతో. మూడో రోజు, నాలుగో రోజు గీతలు పెరుగుతాయి, అది మామూలే. పద్నాలుగో రోజు గీతలు మొదటి రోజు గీతల్లో సగానికైనా తగ్గకపోతే ఆ ఎడిటర్‌ను పక్కన పెట్టి రెండోదానికి వెళ్ళండి. అమీర్‌పేటలో ఉండేవారైతే ఆ కాగితాలు తీసుకుని ఆదివారం తరగతికి రండి, ఏ మీట దగ్గర ఆగిపోతున్నారో కలిసి చూద్దాం.